మూడో చెయ్యి

తొట్ల గది,
ఏప్రిల్ 6

అన్నయ్యా,

ఇది నేను రాస్తున్న మూడో ఉత్తరం. మొదటి రెండింటికీ నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్‌లో అయితే నేను అరుస్తాననీ, కాగితం మీదైతే కనీసం నీ మాట పూర్తయ్యేదాకా ఆగుతాననీ, ఇకమీద ఉత్తరాలే రాసుకుందామనీ అన్నది నువ్వే. అన్నవాడివి రాయాలి కదా. నేను ఫ్యాక్టరీ వదిలేసి వచ్చానన్న కోపం ఇంకా దిగలేదా? "బల్లులకి స్నానం చేయించడానికి పోతున్నావా" అన్నావు. అవును, అదే చేయిస్తున్నాను. అవి బల్లులు కావు, అంతే తేడా.

వీటిని సాలమాండర్లంటారు. చేపకి కాళ్లు మొలిచినట్టు ఉంటాయి. మెడకి రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు, ఎప్పుడూ దేనికో నవ్వుతున్నట్టుండే నోరు. మొత్తం రెండు వందల పన్నెండు తొట్లు, ఒక్కో తొట్టిలో ఒక్కటే. రెండిటిని కలిపి ఉంచితే ఒకదాని కాలు ఇంకోటి కొరికేస్తుందట. అందుకని విడివిడిగా బతకాలి. నాకూ మెట్ల కింద ఒక్క మంచం పట్టే గది ఇచ్చారు. కొరకడానికి ఎవరూ లేరు.

వచ్చిన వారంలోనే ఇక్కడ పరిశోధన చేసే ఒకమ్మాయి నలభై ఒకటో తొట్టిలోదాన్ని మందునీళ్లలో మత్తుగా పడుకోబెట్టి, ముందుకాలు మోచేతి దగ్గర కత్తెరతో తీసేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. మీ చెయ్యి అలాగే కోస్తే ఊరుకుంటారా అని అడిగేశాను. ఆవిడ నవ్వి, ఆరు వారాలు ఆగి చూడమంది. ఆగాను. మొన్న చూశాను. కోసిన చోట కాలు ఉంది. నాలుగు వేళ్లూ ఉన్నాయి. ఎక్కడ కోశారో గీత కూడా లేదు. బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంత గొప్ప పని ఈ బురద పురుగుకి చేతనై మనకెందుకు చేతకాలేదని కోపమొచ్చింది. దేనికైనా నీకు కోపమేనంటావు. అను.

నాతో పాటు తొట్లు కడిగే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నేను ఇంతకుముందు ఏం పని చేసేదాన్నని అడిగితే మన అట్టపెట్టెల ఫ్యాక్టరీ గురించి చెప్పాను. కోత మిషన్‌కి రెండు పక్కలా రెండు బటన్లుంటాయనీ, రెండు చేతులూ వాటి మీద ఉంటే తప్ప కత్తి దిగదనీ, నేను మందపాటి అట్టని మడిచి ఒక బటన్‌ని లోపలికి బిగించేసే ఉపాయం కనిపెట్టాననీ, దాంతో ఒక చెయ్యి ఖాళీ అయి అట్టలు రెట్టింపు వేగంతో తోసేదాన్ననీ, దానికి అందరూ మూడో చెయ్యి అని పేరు పెట్టారనీ గొప్పగా చెప్పుకున్నాను. ముసలాయన నవ్వలేదు. ఇలాంటివాళ్లకి ఏం చెప్పినా దండగ.

నా నాలుగో నంబరు మిషన్ మీద ఎవరిని పెట్టారు? ఎవడో తెలుసుకోవాలనుంది. నా లెక్కలో సగం కూడా కొయ్యలేక ఏడుస్తుంటాడు.

అక్కడివాళ్ల నంబర్లన్నీ తీసేశాను. నువ్వు రాస్తేనే నాకు కబుర్లు. రాయి.

నీ కందిరీగ


మేడ మీద గది,
ఏప్రిల్ 27

కందిరీగకి,

ఈ అక్షరాలు నావి కావు. కింద వాటాలో ఉండే టైలర్ రాసిపెడుతున్నాడు. నా కుడి మణికట్టు బెణికింది. పెద్ద సంగతేం కాదు. కొన్నాళ్లు కలం పట్టుకోవద్దన్నారు. ఆలస్యానికి అదే కారణం, కోపం కాదు.

ఒంటిచేత్తో కవరు చించి కాగితం పట్టుకోవడం కుదరక నువ్వు రాసిన మూడు ఉత్తరాలూ టైలర్‌తో చదివించుకున్నాను. ఆ జంతువుల సంగతి బాగుంది. కొన్ని అడగాలని ఉంది. కాలు పోయాక మొలవడానికి సరిగ్గా ఎన్నాళ్లు పడుతుంది? అన్నాళ్లూ తిండి తింటుందా? మొలవకముందే కాలు ఉన్నట్టు దానికి అనిపిస్తుందా? ఏ వేలు ముందు వస్తుంది? ఒకవేళ మొలవకపోతే అలాంటివాటిని ఏం చేస్తారు?

తీరిక ఉన్నప్పుడు రాయి. పని మానకు. ఒక్కరోజు కూడా మానకు.

అన్నయ్య

ఇది నేను, టైలర్ని. అమ్మాయీ, మీ అన్నయ్య ఒక్కో వాక్యానికీ నడుమ కిటికీలోకి చూస్తూ కూర్చుంటాడు. ఈ ఒక్క పేజీకి నా రెండు జాకెట్లు ఆగిపోయాయి. నువ్వు పెద్ద ఉత్తరం రాయి, చదవడం నాకు ఇబ్బంది లేదు.


తొట్ల గది,
మే 3

అన్నయ్యా,

జిగురు బల్ల దగ్గర కూర్చునేవాడికి మణికట్టు ఎలా బెణికింది? జిగురు డబ్బా ఎత్తావా? ఆ డబ్బాలు ఇద్దరు కలిసి ఎత్తాలని గోడ మీద రాసి ఉంటుంది, ఎత్తేది మాత్రం ఎప్పుడూ ఒక్కడే. సూపర్‌వైజర్ ఈలాయన దూరంగా నిలబడి ఈల వేసుకుంటూ చూసుంటాడు. టైలర్‌గారికి నా నమస్కారాలు చెప్పు. జాకెట్లు ఇచ్చినవాళ్లు తిడితే నా పేరు చెప్పమను.

నీ ప్రశ్నలకి జవాబులు. ఎవరినీ అడగలేదు, ఇక్కడి పరిశోధనంతా నడిపే పెద్ద మేడమ్ గదిలో పాత కాగితాలు పారేస్తుంటే తెచ్చుకుని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. సగమే అర్థమైంది. మిగతా సగం కళ్లతో చూశాను.

చిన్నవాటికి ఆరేడు వారాలు, పెద్దవాటికి నెలలు. కోసిన రోజే చర్మం అంచుల నుంచి పాక్కుంటూ వచ్చి గాయాన్ని మూసేస్తుంది. పొక్కు కట్టదు, మచ్చ పడదు. ఆ పల్చటి చర్మం కింద అసలు పని జరుగుతుంది. నిన్నటిదాకా కండగా, ఎముక చుట్టూ పొరగా ఉన్నవి తమ ఉద్యోగం మానేసి మళ్లీ పసితనంలోకి పోతాయి. అన్నీ ఒక చోట చేరి మొగ్గ అవుతాయి. మొగ్గ తెడ్డులా సాగుతుంది. తెడ్డులో చీలికలొచ్చి వేళ్లవుతాయి. బొటనవేలి వైపు రెండూ ముందు, మిగతా రెండూ తర్వాత. దీనికంతటికీ నరం ఉండాలి. నరం తెంపేస్తే మొగ్గ రాదు.

బల్లికి తోక తెగితే వస్తుంది కదా, అది మోసం. లోపల ఎముక ఉండదు, మెత్తటి పుల్ల ఉంటుంది అంతే. పీత నయం. డెక్కని ఎవరైనా పట్టుకుంటే అతుకు దగ్గర తనే విడిచేసి పారిపోతుంది. పెంకు మార్చినప్పుడల్లా కొత్త డెక్క కాస్త కాస్త పెరుగుతుంది. వదిలేసి బతకడం తెలిసిన జంతువు. నాకు నచ్చింది.

తింటుందా అన్నావు. రెండో రోజే వానపాము కోసం నోరు తెరుస్తుంది. కాలు ఉన్నట్టు అనిపిస్తుందా అన్నది ఏ కాగితంలోనూ లేదు. కానీ చూశాను. లేని కాలితో అడుగుని నెట్టబోయి ఆ పక్కకి ఒరిగిపోతుంది. మళ్లీ సర్దుకుని మళ్లీ అదే కాలితో నెట్టబోతుంది. నవ్వు మొహంతోనే.

పెరగనివాటిని వేరే తొట్టిలో పెడతాం.

ఇంకో కబురు. నా ఆరు నెలల పరీక్షా కాలం ఆగస్టుతో అయిపోతుంది. ఒక్కరోజు కూడా నాగా లేకపోతే పర్మనెంట్ చేస్తారు. పెద్ద మేడమ్ నా చేతుల వైపు చూసి, వణుకు లేదు, నీకు కోతపని నేర్పిస్తాను అంది. అంటే కత్తెర. మొదట్లో ఆ కత్తెర పట్టిన అమ్మాయిని తిట్టింది నేనే. ఇప్పుడు నాకే ఇస్తారంటే రెండు మెట్లు ఒకేసారి ఎక్కాను. నామీద నాకే కోపమొచ్చింది, అయినా ఎక్కాను.

నువ్వే రాయి ఈసారి. టైలర్ అక్షరాలు గుండ్రంగా బాగున్నాయి కానీ నువ్వు అందులో లేవు.

కందిరీగ


మేడ మీద గది,
జూన్ 1

కందిరీగా,

ఈ అక్షరాలు నావే. ఎడమ చేతివి. ఈ పేజీకి ఆరు రోజులు పట్టింది, వంకర్లకి నవ్వకు.

బెణకలేదు. మార్చి పన్నెండున నా కుడిచెయ్యి పోయింది. మణికట్టుకి నాలుగు వేళ్ల పైన. గాయం మానింది. జ్వరం లేదు. మనిషిని బాగానే ఉన్నాను.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు ఆ పూటే బయల్దేరతావు. వస్తే నీకు ఆ ఉద్యోగం ఉండదు. అమ్మ పోయాక నీకోసం ఎక్కడెక్కడో పని అడిగాను, చివరికి అట్టల దుమ్ములోకి తీసుకొచ్చింది నేనే. అందులోంచి నీ అంతట నువ్వు బయటపడ్డావు. వెళ్లొద్దని గొడవ పెట్టుకున్నాను, అది నా తప్పు. ఇక్కడికొచ్చి నువ్వు చేసేదేమీ లేదు. లేని చేతికి కాపలా ఎందుకు?

నీ జంతువు ఒరిగిపోతుందని రాశావు. టైలర్ చదువుతుంటే ఆ ముక్క మళ్లీ చదవమన్నాను. నేనూ మంచినీళ్ల గ్లాసు కోసం అటే వంగుతాను. రోజుకి నాలుగైదుసార్లు. ఆ చెయ్యి పిడికిలి బిగించి ఉన్నట్టుంటుంది. గోళ్లు అరచేతిలో దిగుతున్నట్టుంటాయి. విప్పాలంటే దేన్ని విప్పాలో తెలియదు. డాక్టర్‌ని అడిగాను. చాలామందికి ఉంటుందన్నాడు. ఆ చాలామంది ఎక్కడుంటారో చెప్పలేదు.

ఎలా జరిగిందని అడగకు. నా అజాగ్రత్త వల్లనే అని కాగితం రాసిచ్చాను, వేలిముద్ర వేశాను. గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు. అది చాలు.

రావద్దు. ఆగస్టు దాటాక చూద్దాం. ఇంకో మాట. చేత్తో, చేతకాదు, చేయూత, ఇలాంటి మాటలు రాయడానికి భయపడకు. టైలర్ భయపడుతున్నాడు. మాట మాటకీ తడబడి నత్తివాడైపోయాడు పాపం.

అన్నయ్య


తొట్ల గది,
జూన్ 4

నీ ఉత్తరం మొదట నిలబడి చదివాను. తర్వాత తొట్ల నడుమ నేల మీద కూర్చుని చదివాను. పెద్దాయన వచ్చి నా వంతు నీళ్లు కూడా తనే మార్చి వెళ్లాడు.

ఎనభై రోజులు దాచావు. ఎనభై రోజులు నేను నీకు బల్లి తోకల కథలు రాస్తూ కూర్చున్నాను. ఏ వేలు ముందు వస్తుందని అడిగావు. నేను లెక్కలేసి మరీ చెప్పాను. నీకు నామీద జాలి, నాకు నీమీద కడుపుమంట.

పెద్ద మేడమ్ గదిలోకి తలుపు తట్టకుండా వెళ్లాను. మనుషులకి ఎందుకు మొలవదని అడిగాను. ఆవిడ కోప్పడలేదు. డాక్టర్లు చర్మం లాగి కుట్టేసి ఉంటారు, అలా చెయ్యకపోతే మనిషి దక్కడు అంది. ఈ జంతువుల్లో కూడా కోసిన చోట చర్మం లాగి కుట్టేస్తే కాలు మొలవదట. అయితే కుట్లు విప్పేస్తే, అన్నాను. ఆవిడ కుర్చీ చూపించింది. కూర్చోలేదు. అడుగుతున్నప్పుడే తెలుసు నాకు అది మతిలేని ప్రశ్న అని. మనలో ఆ మొగ్గే రాదు, మచ్చ మాత్రం వస్తుంది. అంతే తేడా, అంతా తేడా.

ఇప్పుడు నీ సంగతి. నీ అజాగ్రత్త అని రాసిచ్చావా? గ్లాసు కడిగితే మూడుసార్లు కడిగే మనిషివి, నీకు అజాగ్రత్తా? నీకు అసలు వెన్నెముక ఉందా? కాగితం ముందు పెడితే వేలు పెట్టేశావు. నిన్ను తిట్టాలి, తిడుతున్నాను. వాళ్లని వదలను. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌కి నాలుగు పేజీల ఫిర్యాదు పంపేశాను. సూపర్‌వైజర్ చేసిన ప్రతి తప్పూ రాశాను. విచారణ పెడతామని జవాబు వస్తుంది, రాకపోతే వెళ్లి వాళ్ల మెట్ల మీద కూర్చుంటాను.

నువ్వు జిగురు బల్ల మనిషివి. నీ చెయ్యి ఏ మిషన్‌లో పడింది? ఎవరు పెట్టారు నిన్ను అక్కడ? కోత మిషన్ అయితే రెండు బటన్లూ నొక్కందే కత్తి దిగదు, రెండు చేతులూ బటన్ల మీద ఉంటే చెయ్యి ఎలా తెగుతుంది? ఎవడి వెధవ పని ఇది? వివరంగా రాయి. ఫిర్యాదుకి కావాలి. పేరుతో సహా రాయి.

నేను


మేడ మీద గది,
జూన్ 15

కందిరీగా,

ఫిర్యాదు వెనక్కి తీసుకో.

ఎందుకో చెప్పకపోతే తీసుకోవని తెలుసు, కాబట్టి చెబుతాను. చెప్పకుండా ఉండాలని చాలా చూశాను.

నువ్వు వెళ్లిన మూడో రోజు నన్ను జిగురు బల్ల నుంచి లేపి నాలుగో నంబరు మీద పెట్టారు. చెల్లెలు కొట్టిన లెక్క అన్న కొట్టలేడా అన్నాడు ఈలాయన. నీ మూడో చెయ్యి అందులోనే ఉంది. మూడు మడతల అట్ట, అంచుకి నీ నీలం టేపు. పీకి పారేయొచ్చు. పీకలేదు. పీకితే లెక్క సగానికి పడిపోతుంది, అది ఒకటి. నువ్వు చేసిన వస్తువు కదా, నువ్వు రెండేళ్లు దానితో పని చేశావు, నీకేం కాలేదు. అది రెండోది.

నెల రోజులు బాగానే నడిచింది. ఆ రోజు ఒక అట్ట వంకరగా పడింది. కుడిచేత్తో సర్దబోయాను. ఎడమ చెయ్యి అలవాటుగా నొక్కింది. అంతే. ఇంకేం లేదు.

ఆస్పత్రికి ఈలాయన కాగితంతో వచ్చాడు. కుర్చీ లాక్కుని నెమ్మదిగానే మాట్లాడాడు. బటన్‌లో దోపిన ఆ అట్ట చీల ఎవరు పెట్టారో కాగితంలో ఉండాలన్నాడు. "మీ చెల్లెలు మొదలుపెట్టిందని అందరికీ తెలుసు. ఇప్పుడు పెద్ద చోట ఉందట కదా. అక్కడికి ఒక ఉత్తరం పోతే ఏమవుతుందో నువ్వే ఆలోచించుకో. లేదా నువ్వే పెట్టుకున్నానని రాయి." నేనే పెట్టుకున్నానని రాశాను. నన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు. వెన్నెముక ఉందా అన్నావు. ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాను దాన్ని.

నువ్వు తప్పు చేశావని నేను అనుకోవడం లేదు. పన్నెండు మిషన్ల మీదా అలాంటివే ఉన్నాయి. నా ఒక్కడి అట్టే వంకరగా పడింది.

ఇంకోటి. పెరగనివాటిని వేరే తొట్టిలో పెడతాం అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నువ్వు దేన్నీ ఒక్క ముక్కలో తేల్చవు. దాని నిజం నాకు రాయి. దీని నిజం నేను రాశాను కదా.

అన్నయ్య


తొట్ల గది,
జూన్ 20

అన్నయ్యా,

నిజం రాస్తున్నాను. పెరగనివాటిని మందునీళ్లలో ఎక్కువసేపు ఉంచుతారు. అవి లేవవు. తీసి, గుడ్డలో చుట్టి, చల్లటి పెట్టెలో పెట్టేది నేనే. ఒకే కాలిని అయిదారుసార్లు కోసినవాటిలో కొన్నిటికి చివరికి కాలు రాదు, ముల్లులాంటిది ఒకటి పొడుచుకొస్తుంది. అలాంటివి పనికిరావని చీటీ అంటిస్తారు. నీ ప్రశ్నకి ఈ జవాబు రాయబోయి ఎందుకో ఆగాను. అప్పటికి నీ సంగతి నాకు తెలియదు. తెలియకుండానే దాచాను.

మూడో చెయ్యి చేసిన రోజు నాకు బాగా గుర్తుంది. నాలుగు రకాల అట్టలు పట్టి చూశాను. మెత్తటిది జారిపోయింది, గట్టిది బటన్‌ని విరిచింది. మూడు మడతలది సరిగ్గా దిగింది. అంచు చిరగకుండా టేపు వేశాను. అందరూ చుట్టూ మూగారు. రెండో నంబరు మిషన్ అక్క నా తల నిమిరింది. ఈలాయన భుజం తట్టాడు. ఆ మర్నాటి నుంచి తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే "మూడో చేతులన్నీ జేబుల్లోకి" అని కేకేసేది ఆయనే. బళ్లో ఎనిమిది దాకా కూడా ఉండని నన్ను అంతమంది తెలివైనదానివి అన్నది ఆ ఒక్క రోజే.

నేను వచ్చేసిన రోజు నీతో గొడవపడి, జేబు రుమాలు కూడా తీసుకోకుండా విసవిసా నడిచి వచ్చేశాను. రోజూ పని దిగేటప్పుడు దాన్ని పీకి జేబులో వేసుకునేదాన్ని. ఆ రోజు పీకలేదు. పీకి ఉంటే నువ్వు నీదంటూ ఒకటి చేసుకునేవాడివి కాదు, నీకు అంత ఓపిక లేదు. రెండు బటన్లూ నొక్కుకుంటూ, ఈలాయన తిట్లు తింటూ, రెండు చేతులతో ఇంటికి పోయేవాడివి.

ఎవడి వెధవ పని, పేరుతో సహా రాయి అన్నాను కదా. రాశావు.

ఫిర్యాదు వెనక్కి తీసుకోను. దానికి ఇంకో పేజీ కలుపుతున్నాను. ఆ చీల నేను చేశాను, అందరికీ నేర్పాను, దాని సంగతి సూపర్‌వైజర్‌కి మొదటి రోజు నుంచీ తెలుసు, మా అన్నయ్య దాన్ని పెట్టలేదు అని. ఇది లేకపోతే నీ వేలిముద్ర అబద్ధంగానే ఉండిపోతుంది. రేపు గేటు దగ్గర కూర్చున్న నిన్ను చూపించి, వీడి అజాగ్రత్తకి వీడు అని కొత్తవాళ్లకి చెబుతారు. నేను ఇక్కడ కత్తెర పట్టుకుని పర్మనెంట్ అవుతాను. కుదరదు.

కందిరీగ


మేడ మీద గది,
జూన్ 24

వద్దు.

నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇది ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఉద్యోగం నీకు ఉండాలి. ఆ పేజీ పంపకు.

అన్నయ్య


సీసాలు కడిగే గది,
ఆగస్టు 9

అన్నయ్యా,

విచారణలో నేను నోరు తెరవగానే నువ్వు లేచి వెళ్లిపోయావు. కాబట్టి తర్వాత జరిగింది నీకు తెలియాలి.

ఇన్‌స్పెక్టర్ ఆ చీలని ప్లాస్టిక్ సంచిలో పెట్టి బల్ల మీద ఉంచాడు. నీలం టేపు మీద ఏముందో నేను చూడలేదు, చూశాను. ఇది మీరు చేసిందేనా అని అడిగాడు. నాదే అన్నాను. ఈలాయన, ఇలాంటి వస్తువు తన జన్మలో చూడలేదన్నాడు, ఈ పిల్ల మొహం కూడా సరిగ్గా గుర్తులేదన్నాడు. సాక్షులుగా పిలిచినవాళ్లందరూ తలలు దించుకుని కూర్చున్నారు. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు రెండో నంబరు అక్క లేచి, పని బట్టల్లోనే వచ్చిందేమో, జేబులో చెయ్యి పెట్టి తన మూడో చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. "ఇవాళ తనిఖీ కదా, జేబుల్లోకి అన్నాడు పొద్దున. తీయమని ఎవరూ చెప్పలేదు, నేనే తీస్తున్నాను" అంది. ఆవిడ వెనక ఇంకో ముగ్గురు పెట్టారు. బల్ల మీద అయిదు అట్టముక్కలు. ఈలాయనకి ఈల రాలేదు.

నీ కాగితం కొట్టేశారు. తప్పు యాజమాన్యానిదని రాశారు. నిన్ను గేటు దగ్గర కాదు, స్టోర్‌లో పెట్టాలని రాశారు. బటన్లు మార్చేదాకా కోత మిషన్లన్నీ ఆపమన్నారు.

నా సంగతి. ఆ పేజీ ఇక్కడి ఆఫీసుకీ చేరింది. పెద్ద మేడమ్ పిలిచి కూర్చోబెట్టింది, ఈసారి కూర్చున్నాను. కత్తెర పట్టుకునే మనిషి మీద తనకి అనుమానం ఉండకూడదంది. తప్పుగా అనలేదు. తొట్ల గది తాళం తీసుకున్నారు. నేల కింద సీసాలు కడిగే పని ఇచ్చారు, రోజుకూలీ కింద. ఏ రోజు రావద్దంటే ఆ రోజు రాకూడదు. ఇక్కడ బతికున్నది నేనొక్కదాన్నే.

చొక్కా చెయ్యి మడిచి పిన్నుతో పెట్టుకున్నావు. పిన్ను తిరగబడి ఉంది, సూది కొన బయటికి వచ్చింది. అది చెబుదామని నీ వెనకే వరండాలోకి వచ్చి పిలిచాను. నువ్వు విన్నావు. నడక వేగం పెంచావు. మెట్ల దగ్గర తూలి, పట్టుకోవడానికి కుడివైపు వంగావు.

నాకు రాయి. తిట్టయినా సరే.

కందిరీగ


సీసాలు కడిగే గది,
సెప్టెంబర్ 14

అన్నయ్యా,

రాయలేదు నువ్వు. టైలర్‌గారికి విడిగా ఒక కార్డు రాశాను. మనిషి బాగానే ఉన్నాడు, నీ ఉత్తరాలు తీసుకుంటాడు, నా ముందు విప్పడు అని జవాబిచ్చాడు.

ఇక్కడ కుళాయి కింద చేతులు పెట్టి రోజంతా నిలబడాలి. వేళ్లు నానిపోయి తెల్లగా ముడతలు పడతాయి. చూసినప్పుడల్లా అవి పది ఉన్నాయని తెలుస్తుంది. ఇంతకుముందు ఎప్పుడూ తెలియలేదు.

కందిరీగ


సీసాలు కడిగే గది,
అక్టోబర్ 19

అన్నయ్యా,

మధ్యాహ్నం తీరిక దొరికితే పైకి వెళ్లి తొట్ల గది తలుపు అద్దంలోంచి చూస్తాను. లోపలికి పోకూడదు. పెద్దాయన నన్ను చూసి తల ఊపుతాడు. నలభై ఒకటోదాన్ని గోడవైపు మార్చారు, కనిపించడం లేదు.

నీకు నామీద కోపం ఉంటే ఉండనీ. నాకు మాత్రం ఇన్నేళ్లలో మొదటిసారి ఎవరిమీదా కోపం రావడం లేదు. అది బాగాలేదు. కోపం ఉన్నప్పుడు గది ఇంత పెద్దగా ఉండేది కాదు.

ఇంక రాయమని అడగను. నేను రాస్తూనే ఉంటాను.

కందిరీగ


మేడ మీద గది,
నవంబర్ 16

కందిరీగా,

నీ ఉత్తరాలన్నీ అందాయి. అన్నీ విప్పాను, ఆలస్యంగా. జవాబు రాయకపోవడానికి ఎడమ చెయ్యి కారణం కాదు. ఇప్పుడు వేగంగానే రాస్తున్నాను, చూడు, వంకర్లు తగ్గాయి.

చెయ్యి పోయినందుకు నీమీద ఎప్పుడూ కోపం రాలేదు. ఒట్టు. ఆస్పత్రిలో పడుకుని, చెయ్యి పోతే పోయింది, దానితో నీ ఉద్యోగం నిలబడింది అనుకునేవాణ్ణి. అలా అనుకుంటే నిద్ర పట్టేది. నువ్వొచ్చి నిజం చెప్పి దాన్ని తీసేశావు. ఇప్పుడు చెయ్యీ లేదు, అది ఫలానా దానికోసం పోయిందని చెప్పుకోవడానికీ లేదు. ఊరికే పోయింది. ఈ కోపం ఇంకా పోలేదు. పోతుందని మాట కూడా ఇవ్వలేను.

నువ్వు చేసింది సరైన పనే. రెండూ నిజమే. ఏం చెయ్యను.

స్టోర్‌లో కుర్చీ ఇచ్చారు. కట్టలు వస్తే రాసుకోవాలి. కొత్త బటన్లు వచ్చాయి. ప్రతిసారీ రెండూ వదిలి మళ్లీ నొక్కితేనే కత్తి దిగుతుంది, ఏం దోపినా పనిచెయ్యదు. రెండో నంబరు అక్క రోజూ వాటిని తిడుతుంది, నీ పేరు కలిపి మరీ తిడుతుంది. నీ క్షేమం కూడా రోజూ అడుగుతుంది. నాకు తెలియదని చెప్పేవాణ్ణి.

చొక్కా గుండీలు, చెప్పుల పట్టీ, తిండి, తాళం, ఉత్తరం, అన్నీ ఎడమచేత్తో నేర్చుకున్నాను. ఒక్కటి మాత్రం కుదరడం లేదు. ఎడమచేతి గోళ్లు ఎడమచేత్తో తీసుకోలేం. ఆలోచించి చూడు, ఏ విధంగానూ కుదరదు. ఇన్నాళ్లూ టైలర్ తన చిన్న కత్తెరతో తీసిపెట్టేవాడు. ఆయన కిందటి నెల ఇల్లు మారిపోయాడు. మెట్టు అంచుకి రాసి అరగదీస్తున్నాను. నిన్న పళ్లతో కొరుకుతుంటే రక్తం వచ్చింది. స్టోర్‌లో ఎవరినైనా అడగొచ్చు. రెండుసార్లు అడగబోయాను. రెండుసార్లూ కట్టలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒకరి ముందు అయిదు వేళ్లూ చాపి కూర్చోవడం ఎందుకో చాతకావడం లేదు.

చిన్నప్పుడు నీ గోళ్లు తీసేది నేనే. ఒక్క క్షణం కదలకుండా ఉండేదానివి కాదు. నేను కదలను.

ఆదివారం రా. మధ్యాహ్నం నుంచీ గదిలోనే ఉంటాను. ఏం మాట్లాడకపోయినా ఫరవాలేదు. నా దగ్గరున్న గోళ్ల కత్తెర మొద్దుబారింది, నువ్వే ఒకటి తెచ్చుకో.

అన్నయ్య